పేపరు చదివే మనిషి అంధుడెలా అవుతాడు? లో విజన్ గురించి వివరంగా

పేపర్లో పెళ్లి ప్రకటనల చిన్నక్షరాలు కూడా తడబడకుండా చదివేసే మనిషి, లేచి నాలుగడుగులు వేయగానే దారిలో ఉన్న స్టూలును తన్నుకుని పడతాడు. ఇంకో ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ పెరట్లో మొక్కలకు నీళ్లు పోసి, మెట్లు దిగి, వీధి చివర గుడిదాకా ఒక్కతే వెళ్లొస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనవణ్ని మాత్రం గొంతు వింటే తప్ప పోల్చుకోలేదు. వీళ్లిద్దరిలో అంధులెవరని అడిగితే దాదాపు అందరూ పెద్దావిడ పేరే చెప్తారు. మన చట్టం లెక్కలో మొదటాయన అంధుడు కావచ్చు, పెద్దావిడది లో విజన్ కావచ్చు.

తికమక ఎక్కడ వస్తుందంటే, చూపును మనం ట్యాంకులో నీళ్లలా లెక్కేస్తాం. నిండా ఉందా, సగానికి వచ్చిందా, అడుగంటిందా అని. ఆ లెక్కన లో విజన్ అంటే కొంచెం గుడ్డితనం, అంధత్వం అంటే పూర్తి గుడ్డితనం. చుట్టాలు పలకరించడానికి వచ్చినా మొదటి ప్రశ్న ‘ఎంతవరకు కనిపిస్తోంది?’ అనే. ఏది కనిపిస్తోంది, ఏ వెలుతురులో కనిపిస్తోంది, చూపులో ఏ భాగం పోయి ఏ భాగం మిగిలింది అన్నది తెలియకపోతే ఆ ప్రశ్నకు ఏ జవాబు చెప్పినా అది సగమే.

అయినా ముందు ఆ ‘ఎంత’ సంగతే చూద్దాం. కంటాసుపత్రి గోడ మీద ఉండే అక్షరాల చార్టు 1862లో హాలండ్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెలెన్ తయారు చేసింది. చీటీ మీద రాసే 6/6, 6/18, 6/60 అంకెలు అక్కణ్నుంచి వచ్చినవే. పై అంకె మీరు నిలబడ్డ దూరం, మీటర్లలో. కింది అంకె, అదే అక్షరాన్ని మామూలు చూపున్నవాళ్లు ఎంత దూరం నుంచి చదవగలరో ఆ దూరం. దీన్ని భిన్నంలా కొట్టివేసి 6/60 అంటే పది శాతం చూపు అనేవాళ్లున్నారు. అది తప్పు. ఆ అంకె చెప్పేది దూరం గురించే.

ఆర్టీసీ బస్టాపులో నిలబడితే ఇది బాగా అర్థమవుతుంది. మామూలు చూపున్నవాళ్లు బస్సు 60 మీటర్ల దూరంలో ఉండగానే చదివేసే నంబరు, 6/60 చూపున్న మనిషికి బస్సు 6 మీటర్లలోకి వస్తే గానీ తెలియదు. బస్సు వస్తోందని తెలుస్తుంది. దాని రంగు తెలుస్తుంది. జనం ముందుకు తోసుకెళ్లడమూ తెలుస్తుంది. నంబరు తేలేసరికి బస్సు కదిలిపోతుంది. పక్కవాళ్లను అడిగితే ‘ఎదురుగానే ఉంది కదా, కనబడట్లేదా?’ అంటారు. కర్ర లేదు, నల్లద్దాలు లేవు, మనిషి చక్కగా నడిచొచ్చాడు. కనబడదని వాళ్లు మాత్రం ఎలా అనుకుంటారు?

ఈ అంకెల్లో అందరూ దాటేసే షరతు ఒకటుంది. తగిన అద్దాలు పెట్టాక, మందులూ ఆపరేషన్లూ అయ్యాక, రెండు కళ్లలో మెరుగైన కంటితో ఎంత చూడగలరన్నదే లెక్క. కాబట్టి మైనస్ 12 పవరున్న సోడాబుడ్డి అద్దాల కుర్రాడు, అవి పెట్టుకుని చివరి వరుస చదివితే, అతనిది లో విజన్ కాదు, వట్టి సైటు. శుక్లం వచ్చి మసకబారిన పెద్దాయనది కూడా ఆపరేషన్‌తో తీరే సమస్యే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లూ లో విజన్ కిందికి రారు. లో విజన్ మొదలయ్యేది అద్దాలు ఇక ఏమీ చేయలేని చోట. తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుతో 2019లో మొదలైంది. లక్షల మందికి అద్దాలు అందాయి, మంచి పనే. కానీ అలాంటి శిబిరంలో ఏ అద్దం పెట్టినా వరుస కిందికి దిగని మనిషికి దక్కేది ‘మీకు అద్దాలతో పని లేదు’ అన్న ఒక్క మాటే. ‘ఇక ఏం చేయలేరట’ అని ఇంటిల్లిపాదీ దాన్నే తీర్పుగా తీసుకుంటారు. ఆ తర్వాత చేయాల్సింది చాలా ఉందని ఎవరూ చెప్పరు.

ఇక చట్టం. 1995 నాటి వికలాంగుల చట్టం ప్రకారం మెరుగైన కన్ను 6/60 దాటకపోతే అంధత్వమే. లో విజన్‌కు ఆ చట్టం అంకెలేవీ పెట్టలేదు. వైద్యం, అద్దాలు అయ్యాక కూడా చూపు తక్కువగా ఉండి, తగిన పరికరం ఇస్తే ఆ మిగిలిన చూపుతో ఒక పని చేసుకోగలిగేవాళ్లు అని రాసింది. 2016 చట్టం వచ్చి ఈ మాటలు తీసేసి గీతలు గీసింది. 6/18 కంటే తక్కువ నుంచి 3/60 దాకా లో విజన్, 3/60 కంటే తక్కువైతే అంధత్వం. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు సరిపోయేలా 2017లో 6/60 నుంచి 3/60కి మారింది. అంటే 4/60 చూపున్న మనిషి పాత లెక్కలో అంధుడు, కొత్త లెక్కలో లో విజన్. ఆయన కళ్లలో మాత్రం ఏ మార్పూ లేదు. సర్టిఫికెట్లు ఇవ్వడానికి అంకెలు కావాలన్నది నిజమే గానీ, ఆ మిగిలిన చూపుతో మనిషి ఏం చేసుకోగలడు అని అడిగిన 1995 నాటి వాక్యమే లో విజన్‌ను బాగా పట్టుకుందని నాకనిపిస్తుంది.

చార్టుతో పాటు చట్టం చూసే రెండో కొలత ఒకటుంది, అదే పేపరు చదివే మనిషి చిక్కుముడి విప్పేది. చూపు పరిధి, అంటే తల తిప్పకుండా, కన్ను కదపకుండా ఎంత వెడల్పు కనిపిస్తుందన్నది. రెండు కళ్లూ బాగుంటే అటూ ఇటూ కలిపి దాదాపు 180 డిగ్రీలు. ఇది 40 డిగ్రీల కంటే తగ్గి 10 దాకా ఉంటే లో విజన్, 10 కంటే తగ్గితే అంధత్వం. చేయి ముందుకు చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చుట్టూ అంతా పోయి అంతమేరే మిగిలితే, అందులో పడే అక్షరం స్పష్టంగానే కనిపిస్తుంది, చార్టు మీద 6/6 వస్తుంది. స్టూలు, గుమ్మం, పక్కనుంచి దూసుకొచ్చే బైకు మాత్రం కనిపించవు.

వైకల్య శాతాల పట్టికలో ఇది ఎంత తేడా తెస్తుందో చూడండి. రెండు కళ్లూ కనీసం 6/18 వరుస దాకా చదివేస్తే చార్టు లెక్కలో ఆయన వైకల్యం సున్నా. పరిధి 10 డిగ్రీల లోపని తేలితే అదే మనిషికి 90 శాతం. అందుకే రేచీకటి, నీటికాసుల (గ్లకోమా) కేసులు వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్లేటప్పుడు పరిధి కొలిచే పెరిమెట్రీ పరీక్ష రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. గోడ మీద చార్టు ఈ సంగతి చెప్పదు. ఒంటికన్ను వాళ్లకు ఇదే పట్టికలో గరిష్ఠంగా 30 శాతం వస్తుంది, పింఛనుకూ రిజర్వేషన్‌కూ కావలసిన 40కి అది చాలదు.

మిగిలింది ఏ చూపు?

పెద్దావిడ విషయానికి వద్దాం. కంటి వెనక తెరలాంటి రెటీనా నడిమధ్యన మాక్యులా అనే చిన్న భాగం ఉంటుంది. చదవడం, ముఖాలు పోల్చుకోవడం, సూదిలో దారం ఎక్కించడం దాని పని. వయసుతో అది అరిగిపోవచ్చు, షుగర్ వల్ల దెబ్బతినవచ్చు, స్టార్‌గార్ట్ అనే జన్యు జబ్బులో పిల్లలకే పోవచ్చు. అప్పుడు ఎటు చూస్తే అక్కడే మధ్యలో మరక పడినట్టుంటుంది, చుట్టూ ఉన్నది మాత్రం తెలుస్తుంటుంది. నడవడానికి ఆ చుట్టూ ఉన్న చూపు చాలు, కాబట్టి ఆవిడ గుడికి వెళ్లొస్తుంది. ఇలాంటివాళ్లలో చాలామంది మీ ముఖం చూడాలంటే మీ చెవి వైపో, నుదుటి పైకో చూస్తారు. మరకను పక్కకు నెట్టి, బాగున్న అంచుతో చూడటమన్నమాట. శిక్షణ ఇస్తే ఇది ఇంకా బాగా వస్తుంది. బయటివాళ్లకు అది పెడచూపులా, మాట వినిపించుకోనట్టు అనిపిస్తుంది. పెళ్లిలో పలకరించలేదని ‘ఎంత పొగరో’ అని మాట పడేదీ వీళ్లే.

అంచులు పోయేవాళ్లది ఇంకో దారి. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జన్యు జబ్బు మామూలుగా రేచీకటితో మొదలవుతుంది. సినిమా హాల్లో సీటు దొరక్కపోవడం, కరెంటు పోతే కదల్లేకపోవడం, ఆ తర్వాత పక్కల నుంచి మెల్లగా చూపు ముడుచుకురావడం. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి మందుకు తగ్గుతుంది, ఇది వేరు. తల్లికీ తండ్రికీ ఒకే లోపమున్న జన్యువు ఉంటే పిల్లలకు వచ్చే రకాలు ఇందులో ఉన్నాయి. మేనరికాలు ఎక్కువగా చేసుకునే మన ప్రాంతంలో అందుకే దీని గురించి డాక్టర్లు గట్టిగా చెప్తుంటారు. నీటికాసులు కూడా అంచుల నుంచే తింటూ వస్తాయి, అదీ నొప్పి లేకుండా.

మూడో రకం, మొత్తం మీద పొగ కమ్మినట్టుండేది. నల్లగుడ్డు మీద మచ్చ పడినవాళ్లు, ఒంటికీ కంటికీ రంగు తక్కువగా ఉండే అల్బినిజంతో పుట్టినవాళ్లు ఇలా బాధపడతారు. వీళ్ల అసలు శత్రువు ఎండ, ఎదురు వెలుగు. చార్టు తెల్లకాగితం మీద కారునలుపు అక్షరాలతో ఉంటుంది. మన ఇళ్లలో అంత తేడా ఎక్కడుంది? తెల్ల పళ్లెంలో అన్నం, అందులో పెరుగు. స్టీలు గ్లాసులో మంచినీళ్లు, అంచుదాకా వచ్చాయో లేదో వేలు పెట్టి చూసుకోవాలి. బియ్యంలో తెల్లరాయి. ఒకే రంగు గచ్చుతో దిగిపోయే మెట్లు, రోడ్డు రంగులోనే కలిసిపోయిన స్పీడ్ బ్రేకర్. ఈ తేడా పట్టే శక్తిని విడిగా కొలుస్తారు. చార్టు మీద ఒకే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకరు వంట చేసుకుని, ఇంకొకరు చేసుకోలేకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మెట్టు అంచున పసుపు రంగు పట్టీ, అన్నానికి ముదురు రంగు కంచం, పెరుగుకు నీలం గిన్నె. వందల్లో ఖర్చు కూడా కాదు.

ఇలాంటివాళ్లు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో చూపు వైకల్యం ఉన్నవాళ్లు దేశంలో సుమారు 50 లక్షలు. అంధులనూ లో విజన్ వాళ్లనూ ఒకే గడిలో రాసుకున్నారు కాబట్టి ఎవరెందరో ఆ లెక్క చెప్పదు. మనకు దగ్గరి లెక్క ఒకటుంది. హైదరాబాద్‌లోని ఎల్ వి ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. లో విజన్ సేవలు కావలసినవాళ్లు దాదాపు నూటికి ఒకరని తేలింది. కారణాల్లో రెటీనా జబ్బులది మొదటి స్థానం, తర్వాత చిన్నతనంలో వైద్యం అందక మందగించిపోయిన కళ్లు. చట్టం ప్రకారం అంధులైనవాళ్లలో కూడా ఎక్కువమందికి ఎంతో కొంత వెలుగో, నీడో తెలుస్తుంది. పూర్తి చీకటి కొద్దిమందికే.

వాడితే తరిగిపోతుందా?

‘ఉన్న కాస్త చూపూ చదివి చదివి పోగొట్టుకోకు’ అనే మాట మన ఇళ్లలో వినపడుతూనే ఉంటుంది. ఇది అమాయకపు పల్లె నమ్మకమేం కాదు, ఒకప్పుడు వైద్యులే చెప్పిన మాట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో, అమెరికాలో చూపు తక్కువ పిల్లలకు ప్రత్యేక తరగతులు పెట్టి, వీలైనంతవరకు కళ్లకు పని చెప్పకుండా చదువు నేర్పేవారు. వాటి పేరే చూపు పొదుపు తరగతులు. 1964లో నటాలీ బరాగా అనే అమెరికా పరిశోధకురాలు దానికి ఎదురుగా వెళ్లింది. చూపు బాగా తక్కువున్న పిల్లలకు చూడటంలోనే శిక్షణ ఇస్తే ఉన్న చూపునే మెరుగ్గా వాడుకుంటారని చూపించింది. చూపు ట్యాంకు నీళ్లు కాదు, వాడితే అయిపోదు. జబ్బు పెరిగితే చూపు తగ్గుతుంది, చదవడం వల్ల మాత్రం కాదు. అంధుల బడుల్లో వేసిన లో విజన్ పిల్లలు బ్రెయిలీ చుక్కల్ని వేళ్లతో తడమకుండా, కాగితం మీదికి వంగి కళ్లతో చదవడం అక్కడి టీచర్లకు తెలిసిన సంగతే. చూపు తగ్గుతూ పోయే జబ్బున్న పిల్లలకు బ్రెయిలీ ముందే నేర్పడం మంచిదే, ఆ మాట వేరు.

పుస్తకాన్ని ముక్కుకు ఆనించి చదివే పిల్లాడిని కోప్పడకండి. 40 సెంటీమీటర్ల దూరంలోని పుస్తకాన్ని 10కి తెస్తే అక్షరం నాలుగు రెట్లు పెద్దదవుతుంది. పిల్లల కంటి కటకానికి అంత దగ్గరగా సర్దుకునే శక్తి ఉంటుంది. వాడు పైసా ఖర్చు లేని భూతద్దం కనిపెట్టుకున్నాడు. నలభై దాటాక ఆ శక్తి పోతుంది కాబట్టి దాని బదులు గాజు కావాలి. ప్లస్ 10 అద్దం పెట్టుకుంటే పుస్తకం కంటికి 10 సెంటీమీటర్ల దూరంలోనే ఉండాలి. ఈ ఒక్క ముక్క సరిగా చెప్పకపోవడం వల్ల ఎన్ని లో విజన్ అద్దాలు బీరువాల్లో పడున్నాయో! మామూలు దూరంలో పట్టుకుని చూసి, కనబడట్లేదని మూల పడేస్తారు.

తెలుగు చదవడానికి పెద్దక్షరం మరీ అవసరం. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ప, ష, ఫ కూడా అంతే. ఒత్తులు వరుస కింద నలిగి ఉంటాయి, చాలా పుస్తకాల్లో పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంటుంది. ఇంగ్లిష్‌కు సరిపోయిన భూతద్దంతో తెలుగు పేపరు చదవలేకపోతే తప్పు కంటిది కాదు. అందుకే మంచి లో విజన్ క్లినిక్‌లో పరికరం ఇచ్చే ముందు మీరు చదవాల్సింది ఏమిటని అడుగుతారు. పంచాంగమా, బ్యాంకు పాస్‌బుక్కా, షుగర్ మాత్రల పట్టీనా? దూరపు బోర్డుకైతే చేతిలో పట్టే చిన్న టెలిస్కోపు, పొడుగు వ్యాసానికైతే తెర మీద పెంచి చూపే వీడియో మాగ్నిఫయర్, వరుస తప్పకుండా ఉండటానికి మధ్యలో పొడవాటి సందు కోసిన నల్ల అట్టముక్క. ఈ చివరిది ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక జాగ్రత్త: అంచులు పోయి నడుమ చూపే మిగిలినవాళ్లకు అక్షరం పెంచితే నష్టం. పదం ఆ ఇరుకు పరిధి దాటి బయటికి పోతుంది. వాళ్లకు మంచి వెలుతురు, మామూలు అక్షరమే మేలు.

ఇప్పుడు ఈ పనుల్లో సగం ఫోనే చేస్తోంది. మందు పట్టీని ఫోటో తీసి వేళ్లతో పెద్దది చేసుకోవడం, బస్టాపులో కెమెరా జూమ్ పెట్టడం ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మాగ్నిఫికేషన్, నలుపు మీద తెలుపు చేసే కలర్ ఇన్వర్షన్ ఉంటాయి. టాక్‌బ్యాక్ తెలుగు కూడా చదివి వినిపిస్తుంది. కళ్లతో చూడాల్సింది చూసి, పొడుగుది వినేయడం ఇప్పటి లో విజన్ కుర్రాళ్ల పద్ధతి.

నమ్మని జనం

అంధుడికి జనం దారి ఇస్తారు. లో విజన్ మనిషిని అనుమానిస్తారు. పగలు మామూలుగా నడిచి, చీకటి పడగానే తెల్లకర్ర తీసే మనిషిని ‘నాటకాలు’ అంటారు. కర్ర పట్టుకుని బస్సెక్కి, సీట్లో కూర్చుని ఫోను చూస్తే ఇక చెప్పనక్కర్లేదు. అంచుల చూపు పోయిన మనిషికి ఆ రెండూ నిజాలే. అర్జెంటీనాలో ఈ ఇబ్బందికి విడిగా ఆకుపచ్చ కర్ర తెచ్చి, 2002లో దానికి చట్టమే చేశారు. తెల్లకర్ర అంధులకు, ఆకుపచ్చది లో విజన్ వాళ్లకు. మన దగ్గర అలాంటి గుర్తు లేదు.

ఇంట్లో వాళ్లు భయపడే సంగతి ఒకటి. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లలో కొందరికి లేనివి కనిపిస్తాయి. వరండాలో చిన్న చిన్న మనుషులు కూర్చున్నట్టు, గోడ మీద ముగ్గులు కదులుతున్నట్టు, గదిలో పూలు పరిచినట్టు. దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. ఆ స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త 1760లో, చూపు మందగించిన తన తాత చూసిన మనుషులు, పక్షులు, భవనాల గురించి రాశాడు. కంటి నుంచి అందాల్సింది అందక మెదడు తనంతట తాను బొమ్మలు అల్లుకోవడమే ఇది. మతి చెడటం కాదు, గాలి సోకడం అంతకన్నా కాదు. చూసేవాళ్లకు అవి నిజం కావని సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. పిచ్చి అంటారేమోనని నోరు విప్పరు. మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లుంటే మీరే అడగండి. ‘అలా కొందరికి కనిపిస్తాయట’ అన్న ఒక్క మాటతో గుండె బరువు దిగిపోయినవాళ్లున్నారు. కొత్తగా మొదలైతే మాత్రం డాక్టరుకు చెప్పాలి, వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి.

చదువుకునే పిల్లలకు ఈ తేడా పరీక్షల దగ్గర తగులుతుంది. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో అంధులు కోరితే రైటర్‌ను ఇవ్వాలని రాశారు. లో విజన్ వాళ్లు మాత్రం తాము రాయలేమని వైద్యాధికారి సర్టిఫికెట్ తేవాలన్నారు. నిజానికి వీళ్లలో చాలామందికి రైటర్ అక్కర్లేదు, తమ చేత్తో తాము రాసుకోగలరు. వాళ్లకు కావలసింది పెద్దక్షరాల ప్రశ్నపత్రం, కిటికీ వెలుగు కళ్లలో పడని బల్ల, చదవడానికి పట్టే అదనపు సమయం. ఆ మార్గదర్శకాలే రైటర్ లేకుండా రాసేవాళ్లకూ మూడు గంటల పరీక్షకు కనీసం గంట ఎక్కువ ఇవ్వాలన్నాయి, పెద్దక్షరాల్లోనో కంప్యూటర్ మీదో రాసే వీలు వీలైనంతవరకు కల్పించాలన్నాయి. ఇవన్నీ దరఖాస్తు నింపేటప్పుడే రాతపూర్వకంగా అడగాలి. పరీక్ష రోజు హాల్లో అడిగితే ఇన్విజిలేటర్ చేతిలో ఉండేది ఆ ఒక్క చిన్నక్షరాల పేపరే.